చెంచయ్య ఫోన్లో సీతాకోక పాట

నేను ఒక మీటల ఫోన్‌ని. వేలితో తడిమితే పలికే రకం కాదు, గట్టిగా నొక్కితేనే పలుకుతాను. ఇప్పటిదాకా ఇద్దరు యజమానులను చూశాను, మూడు బ్యాటరీలు మార్చుకున్నాను, రెండుసార్లు మోటారు షెడ్డు మెట్ల మీద, ఒకసారి నిమ్మకాయల గోతంలో పడ్డాను. ఈ బతుకులో నీకు మిగిలిందేమిటి, పోయిందేమిటి అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. వ్యాపారస్తుడి జేబులో పెరిగినదాన్ని, ఆ బుద్ధి అబ్బింది.

నన్ను ఒక పెద్ద షెడ్డులో తయారు చేశారు. తలకు తెల్లటి టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతె నా మీటలన్నీ వరసగా నొక్కి, ఒకసారి మోగించి, బాగుందన్నట్టు తలూపి అట్టపెట్టెలో పడుకోబెట్టింది. నాకు దక్కిన మొదటి మెప్పు అదే. రెండోది దక్కడానికి చాలా కాలం పట్టింది.

మొదట నన్ను కొన్నది గూడూరులో ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారు. నాలుగు నెలలు వాడి, పెద్ద తెర ఉన్న ఫోను మీద మోజు పుట్టి, నన్ను జిలానీ రీచార్జి కొట్లో వదిలేసి వెళ్లాడు. జిలానీ గాజు బీరువాలో నేను కూర్చున్నది పదకొండు రోజులు. పన్నెండో రోజు ఒక నిమ్మకాయల చెయ్యి వచ్చి నన్ను అందుకుంది. నిమ్మకాయల చెయ్యి అని ఊరికే అనలేదు. ఆ వేళ్లకు అంటిన వాసన నా మీటల సందుల్లోకి దిగి ఈరోజుకీ పోలేదు. ఆ చెయ్యి చెంచయ్యది.

చెంచయ్య బరువు చూశాడు, మోత విన్నాడు, నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి కూడా చూశాడు, ఎండుకాయలో గింజలు చూసినట్టు. జిలానీ చెప్పిన ధరకు తల అడ్డంగా ఊపాడు. చివరికి నాతోపాటు ఒక తోలు తొడుగు, మెడకు తగిలించుకునే తాడు పుచ్చుకుని గానీ కొట్టు దిగలేదు. ఇతని దగ్గర నా బతుకు వృథా పోదని అప్పుడే తెలిసింది.

చెంచయ్య, అతని భార్య వెంగమ్మ కలిసి చేసేది నిమ్మకాయల వ్యాపారం. ఆవిడ తెల్లారేసరికి గూడూరు మార్కెట్లో ఉంటుంది. ఆయన పల్లెల మీద పడి తోటల్లో తిరుగుతాడు. ఆరోజు ధర మార్కెట్లో తేలాలి, ఆ ధర తోటలో ఉన్నాయనకు తెలియాలి, కానీ పక్కనున్న రైతుకు తెలియకూడదు. మార్కెట్లో ఆవిడ పక్క అరుగు మీద కూర్చునే రంగనాయకులుకు అసలే తెలియకూడదు. కష్టమంతా ఇక్కడే ఉంది.

వెంగమ్మ నాన్న రోజుల్లో ఇది తువ్వాలు కింద జరిగేదట. ఇద్దరు చేతులు కలిపి మీద తువ్వాలు కప్పుకుంటే లోపల వేళ్లు ధర మాట్లాడుకునేవి. చుట్టూ ఉన్నవాళ్లకు తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆ తువ్వాలు చేసిన పని నాకు అప్పగించారు. ధర తేలగానే వెంగమ్మ కొంగు చాటున తన ఫోను పెట్టుకుని నాకు మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒక్క రింగయితే ముట్టుకోవద్దు. రెండు రింగులయితే నిన్నటి ధరకు కొను. మూడు రింగులయితే ధర ఎగిసింది, ఎంతంటే అంతకు తోటంతా మాట్లాడేసెయ్. ఆవిడ మాట్లాడేది కాదు, ఆయన ఎత్తేవాడు కాదు. పక్కన రైతు ఉన్నా, "ఎవరో రాంగు నంబరు" అని చెంచయ్య నన్ను జేబులో తోసేవాడు. రెండేళ్లు నేను నోరు తెరవకుండా నడిపిన వ్యాపారం అది. ఒక్క తప్పు లేదు.

తప్పు సిమ్ కార్డుతో వచ్చింది. పాత సిమ్ అరిగిపోతే జిలానీ అదే నంబరుకు కొత్తది వేశాడు.

"పెదనాయనా, ఈ ప్లాను తీసుకుంటే పాట, రాశిఫలం, క్రికెట్ స్కోరు, రోజుకో ఇంగ్లీషు మాట, అన్నీ నెల రోజులు ఫ్రీ."

"నాకు క్రికెట్టెందుకు అబ్బయా?"

"ఫ్రీ గదా. ఉంటే ఏం బరువా?"

"సరే, సరే," అన్నాడు చెంచయ్య.

గోతంలో పైవరస కాయ చూసి కొనకూడదని నలుగురికీ చెప్పే మనిషి, ఊరికే వచ్చేదాని అడుగున ఏముందో తడిమి చూడలేదు. మనుషుల తెలివి జేబులో నుంచి తీసేటప్పుడు పనిచేసినట్టు జేబులో వేసుకునేటప్పుడు పనిచేయదు.

మర్నాడు పొద్దున మాలకొండారెడ్డి తోటలో ఉన్నాం. ఎనిమిది గంటలకు వెంగమ్మ చేసింది. నేను ఒకసారి మోగాను, రెండుసార్లు, మూడుసార్లు. చెంచయ్య ముఖం వెలిగింది. రెడ్డి అడిగిన ధరకు మారు మాట లేకుండా తోటంతా మాట్లాడి చేతిలో బయానా పెట్టాడు. రెడ్డికే అనుమానం వచ్చి, "ఏంది చెంచయ్యా, ఒంట్లో బాగుండాదా?" అని అడిగాడు.

సాయంత్రం ఇంట్లో వెంగమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఒక్క రింగిద్దామని చేస్తే తోటంతా కొనుక్కొస్తావా?"

"మూడిచ్చి ఒకటంటావేందే?"

"రింగు యాడ వినపడింది? ఆడెవడో పాట ఎత్తుకున్నాడు. ఓ నా సీతాకోకా అంట! నేను బిత్తరపోయి వింటా ఉండిపోయినా. యాభై ఆరేళ్లొచ్చినాయి నీకు. ఎవుతెకోసరం పెట్టించుకుండావయ్యా ఆ పాట?"

"నా ఫోన్లో పాటేంది? దీంట్లో గంట మోత తప్ప ఇంకోటి లేదే!"

ఆయన చెప్పింది నిజం. నా కడుపులో ఏ పాటా లేదు. అదెక్కడో టవర్లో పాడుతుందట, అవతల చేసినవాళ్ల చెవిలో. ఎవరి పేరున పాడుతుందో వాళ్లకు తప్ప లోకమంతటికీ వినిపిస్తుంది. వెంగమ్మ తన ఫోను నుంచి చేసి చెంచయ్య చెవికి పెట్టింది. బల్ల మీద నేను మోగుతుంటే ఆవిడ ఫోనులో ఒక గొంతు తియ్యగా ఎత్తుకుంది: ఓ నా సీతాకోకా... వాలిపోవే నా భుజాన... తోటంతా నీదేనే...

చెంచయ్య గోడకు చేరగిలబడ్డాడు. "తోటంతా నాదే అయింది," అన్నాడు నీరసంగా.

ఆ దెబ్బకు మార్కెట్లో అరుగు అద్దె రెండు నెలలు వెనకబడింది. రంగనాయకులు ఆ చోటు మీద ఎన్నాళ్లుగానో కన్నేసి ఉన్నాడు. "అక్కా, నువ్వు కష్టపడింది చాల్లే, ఆ అరుగు నాకొదిలెయ్," అని రోజూ పలకరించడం మొదలుపెట్టాడు. ఇంకో తోట తప్పు ధరకు కొంటే వెంగమ్మకు మార్కెట్లో కూర్చునే చోటుండదు.

అందుకని చెంచయ్య ఆ పాటను తీయించే పనిలో పడ్డాడు. జిలానీ మెసేజ్ పంపాడు. ఆగిపోయింది క్రికెట్ స్కోరు. ఇంకోటి పంపాడు. ఇంగ్లీషు మాట ఆగి, దాని బదులు ఆరోగ్య చిట్కాలు వచ్చాయి. చివరికి చెంచయ్యే కంపెనీకి ఫోను చేశాడు. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి, తొమ్మిది నొక్కండి అని యంత్రం చెప్పినట్టల్లా నన్ను నొక్కాడు. మధ్యలో ఆగమని చెప్పి ఇరవై నిమిషాలు పాట వినిపించారు. ఏ పాటో మీకు చెప్పాలా? ఆ తర్వాత ఒక అమ్మాయి గొంతు వచ్చింది.

"నమస్కారం సార్, ఏ విధంగా సహాయపడగలను?"

"నా పేరుమీద ఎవడో పాడతుండాడు. ఆపమ్మా."

"అది చాలా మంది ఇష్టపడే పాట సార్. ఎందుకు తీసేయాలనుకుంటున్నారో చెప్పగలరా?"

చెంచయ్య అటూ ఇటూ చూశాడు. మేమున్నది మార్కెట్ గేటు దగ్గర. రింగులు లెక్కపెట్టుకోవాలి తల్లీ అని అక్కడ ఎలా చెబుతాడు?

"ఇంట్లో గొడవగా ఉండాది," అన్నాడు.

"అర్థమైంది సార్. అయితే భక్తి పాటల ప్యాకు బాగుంటుంది. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది."

"అదేం వొద్దు. ఉన్నది తీసెయ్, చాలు."

"తప్పకుండా సార్. మీ అభ్యర్థన నమోదు చేస్తాను. ఈలోపు భక్తి ప్యాకు వారం రోజులు ఉచితంగా ఇస్తున్నాం సార్."

"సరే తల్లీ, సరే. చల్లగా ఉండు," అన్నాడు చెంచయ్య.

మర్యాద తెలిసిన మనిషి ఆడపిల్లతో మాట్లాడి ఫోను పెట్టేసే ముందు అనే మాట అది. నెల్లూరు సీమలో దానికి ఇక ఉంటాను అని అర్థం. కంపెనీలో దానికి ఒప్పుకున్నాను అని అర్థం. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ సరే తల్లీ అన్నాడు. తీయించడానికి వెళ్లినవాడు వచ్చేటప్పటికి నా నెత్తిన భక్తి ప్యాకు, వంటల ప్యాకు, పెళ్లి సంబంధాల ప్యాకు ఎక్కాయి. బ్యాలెన్సు రోజూ కరుగుతోంది. సీతాకోక మాత్రం ఎగరలేదు.

వెంగమ్మ చూసి చూసి ఒకరోజు తన ఫోనునూ నన్నూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. తన ఫోను నుంచి చేసింది. పాట వింటూ నా మోతలు లెక్కపెట్టింది. పది పన్నెండుసార్లు చేసింది.

"ఏమయ్యా, ఇంక ఆ కంపెనీ పిల్లతో మాటలు చాలుగానీ ఇది విను. సీతాకోకా అనేసరికి ఇక్కడ ఒక రింగు. భుజాన అనేసరికి రెండు. తోటంతా నీదేనే అనేసరికి మూడు. ఈసారి నేను పాటనిబట్టి కట్ చేస్తా. నువ్వు మామూలుగానే లెక్కపెట్టుకో."

చెంచయ్య భార్య వేళ్ల వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ వేళ్లు తువ్వాలు కింద పెరిగిన వేళ్లు.

రింగులకంటే పాటే నయమైంది. రంగనాయకులు అంతకుముందు ఆవిడ కొంగు వైపు చెవి వంచి రింగులు లెక్కపెడుతూ వేలు ఆడించేవాడట. ఇప్పుడు వినేసరికి పాట. మొగుడికి ప్రేమ పాట పెట్టి వింటోందనుకుని ముసిముసిగా నవ్వి తల తిప్పుకునేవాడు. నలభై రోజుల్లో అద్దె బాకీలో సగం తీరింది.

నలభై ఒకటో రోజు మళ్లీ మాలకొండారెడ్డి తోట. రెండో కోత, విరగకాసింది. రెడ్డి ఈసారి ఇంకాస్త పెంచి అడిగాడు. ముందుసారి అడగ్గానే ఇచ్చాడు కదా, అలవాటు చేసింది మనమే. చెంచయ్య సంచీలో బయానా సిద్ధంగా ఉంది. ఏడున్నరకు నా కడుపులో ఒక మెసేజ్ పడింది: మీ అభ్యర్థన మేరకు కాలర్ ట్యూన్ సేవ తొలగించబడినది. రోజూ నాకు పద్దెనిమిది మెసేజీలు వస్తాయి, వృషభరాశికి ధనలాభం, గుత్తివంకాయకు చిట్కా, ఈడూ జోడూ కుదిరిన వధువు. వాటిలో ఒక్కటీ చెంచయ్య తెరవడు. నేను గరగరలాడాను. ఆయన నన్ను చూడకుండానే జేబు మీద తట్టాడు, ఊరుకో అన్నట్టు.

ఎనిమిదింటికి వెంగమ్మ చేసింది. ఉత్తరాదిన వానలు పడి ధర ఒక్కసారిగా పడిపోయిందని, లారీలు మార్కెట్లోనే నిలిచిపోయాయని ఆ తర్వాత తెలిసింది. ఆవిడ ఇవ్వాల్సింది ఒక్క రింగు. కానీ సీతాకోక కోసం చూస్తోంది. సీతాకోక రాలేదు. నేను ఒకసారి మోగాను. రెండు. పాట ఏదని ఆవిడ ఫోను దులుపుకుంది. మూడు.

చెంచయ్య చెయ్యి సంచీలోకి వెళ్లింది.

నాలుగు. ఐదు.

చెయ్యి అక్కడే ఆగింది. ఐదు రింగులకు మా దగ్గర అర్థం లేదు. చెంచయ్య నన్ను చూశాడు, రెడ్డిని చూశాడు. రెండేళ్ల పైచిలుకు ఎన్నడూ చేయని పని చేశాడు. పచ్చ మీట నొక్కాడు.

నా గొంతు పెద్దది, చెట్టు కింద మాట్లాడితే గట్టు మీద వినపడుతుంది. అవతల వెంగమ్మ ఉలిక్కిపడిన చప్పుడు. ఆవిడ పక్కన రంగనాయకులు, ఈయన పక్కన రెడ్డి. ధర అనకూడదు, వద్దనకూడదు. యాభై ఏళ్ల గొంతు ఒకటి, మార్కెట్లో బేరాలకు అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, నెమ్మదిగా ఎత్తుకుంది.

"ఓ నా సీతాకోకా..."

అంతే. అక్కడే తెంపేసి పెట్టేసింది.

చెంచయ్య చెయ్యి సంచీలో నుంచి ఖాళీగా బయటికొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. మాలకొండారెడ్డి నోరు తెరిచి చూసి, ఆ తర్వాత చెట్టు పట్టుకుని నవ్వాడు.

"ఏందయ్యా చెంచయ్యా! పొద్దున్నే ఈ పిలుపేంది?"

"రెడ్డన్నా, నేను ఇంటికి పోవాల. కోత సంగతి మళ్లీ వచ్చి మాట్లాడతా."

"పో సామీ పో. నిమ్మకాయలు యాడికి పోతాయి! ఆ మనిషిని నిలబెట్టబాక."

బేరం తప్పినా రెడ్డికి కోపం లేదు. మూడోనాడు ధర తేలాక అదే తోటను చెంచయ్య సరైన ధరకు మాట్లాడాడు. మార్కెట్లో వెంగమ్మ అరుగు వెంగమ్మకే ఉంది. రంగనాయకులు మాత్రం ఆవిడ పాడగా విన్నవాడు కనుక చాలా రోజులు ఎదురుపడి మాట్లాడలేకపోయాడు. ఎందుకో తన భార్యను కూడా ఒకసారి మార్కెట్ చూపించడానికి తీసుకొచ్చాడు.

వెంగమ్మ పాట పాడిన రోజు సాయంత్రం చెంచయ్య నన్ను చొక్కా అంచుతో తుడిచి, "నువ్వు మంచిదానివే," అన్నాడు. రెండో మెప్పు అది.

ఇప్పుడు నా తెర పగిలింది, ఏడో నంబరు మీట లోపలికి పోయింది. కిందటి నెల కొత్త ఫోను కొనడానికి ఇద్దరూ జిలానీ కొట్టుకు వెళ్లారు. పోల్చి చూడటానికి నన్నూ తీసుకెళ్లారు. జిలానీ కొత్త సిమ్ వేస్తూ అలవాటుగా అన్నాడు, "పెదనాయనా, దీంతో పాట ఫ్రీ."

చెంచయ్య నోరు తెరిచాడు. సరే అనే మాట నాలిక చివరి దాకా రావడం నాకు కనిపించింది. మింగేశాడు.

"వొద్దు అబ్బయా. పాట మా ఇంట్లో ఉండాది."

వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధి వైపు తిరిగింది.

నన్ను పాత సామాన్లలో పారేయలేదు. వెంగమ్మ ఇనప్పెట్టెలో, వాళ్ల నాన్న తువ్వాలు మడత మీద పెట్టింది. అది పైకి ఏమీ మాట్లాడదు, నేనూ మాట్లాడను. ఇద్దరం ఒకే ఇంటి ధరలు మోసినవాళ్లం. నిమ్మ వాసన దానికి ఎక్కువా నాకు ఎక్కువా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.