అల్లుడికి మాటలు నేర్పిందెవరు?

మూల బల్ల దగ్గర లావుపాటి పెద్దమనిషి ఇంకా నములుతూనే ఉన్నాడు. అల్లుడు వచ్చి ఆయన ముందున్న పళ్ళెం లాగేసుకున్నాడు.

"అయ్యో, చేపముక్క ఉందయ్యా ఇంకా!" అన్నాడాయన నోటినిండా అన్నంతో.

"ఎంతసేపు తింటారండీ? బయట జనం నిలబడ్డారు," అన్నాడు అల్లుడు.

బయట ఎవరూ లేరు. లోపలున్నవాళ్ళే లేచిపోతున్నారు. కిటికీ పక్కన కూర్చున్న జంట నెత్తిమీద ఫ్యాను అప్పటికే ఆగిపోయింది. "మీ ఇద్దరికోసం ఒక ఫ్యానా? పక్క బల్ల గాలి వస్తోందిగా" అని అల్లుడే చెయ్యి చాచి స్విచ్చి నొక్కేశాడు. ఉప్పు అడిగినావిడకి "వచ్చే నెల చూద్దాం" అని చెప్పాడు. చంటిపిల్ల మూతి తుడుస్తున్న తల్లి చేతిలోంచి రెండో కాగితపు రుమాలు లాక్కుని, మడిచి, మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

సూపు గిన్నెలు వంటగది కిటికీలో చల్లారిపోతున్నాయి. వాటిని మోసుకెళ్ళాల్సిన అల్లుడు గల్లాపెట్టె పక్కన సెటిలయ్యాడు. చేసేది లేక ఓనరే ట్రే ఎత్తుకుని పరిగెత్తాడు.

"కింద పొయ్యకు. దానికీ డబ్బులయ్యాయి," అన్నాడు అల్లుడు వెనకనుంచి.

ఓనరు కాలు తడబడింది. సగం సూపు కిందపోయింది.

అల్లుడు మనిషి కాదు. చక్రాలమీద తిరిగే వడ్డన యంత్రం. రెండు చేతులు, మొహం ఉండాల్సిన చోట ఎప్పుడూ నవ్వే తెర. ప్రభుత్వం కనీస వేతనం పెంచిందని టీవీలో చెప్పిన రోజునే ఓనరు దాన్ని బుక్ చేశాడు. దానికి జీతం అక్కర్లేదు, జ్వరం రాదు, చుట్టాల పెళ్ళిళ్ళుండవు. అందరికీ అలా వివరించి, చివర్లో, "ఇది కుదురుకుంటే ఒకరిని తగ్గించాల్సి వస్తుంది. ఎవరినన్నది అప్పుడు చూద్దాం," అన్నాడు. అంటున్నంతసేపూ పెద్దక్కనే చూశాడు.

యంత్రాన్ని అట్టపెట్టెలోంచి దింపగానే పేరు పెట్టింది వంటమాస్టరు. "కూర్చోబెట్టి కరెంటు మేపాలి, అడుగడుగునా మర్యాద చెయ్యాలి, ఒక్క మాటంటే పడదు. అల్లుడు కాకపోతే మరేంటి?"

పెద్దక్క నవ్వలేదు. హోటల్లో అందరికన్నా పాత మనిషి, అందరికన్నా ఎక్కువ జీతం ఆవిడదే. కూతురి నర్సింగు చదువు ఇంకో ఏడాది మిగిలుంది. ఆ ఏడాది గడిచేదాకా నోరు తెరవకూడదని పంతం పట్టి, ఓనరు ఏమన్నా తల దించుకునే తిరుగుతోంది.

యంత్రం అమ్మిన కంపెనీ మనిషి వచ్చేసరికి హాల్లో నాలుగు బల్లల దగ్గరే జనం మిగిలారు. సంచి కింద పెట్టి, అల్లుడి వీపు విప్పి, లోపల ఏవేవో నొక్కి చూశాడు. తర్వాత తమ ఆఫీసుకి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు.

"యంత్రంలో ఏ లోపమూ లేదు సార్," అన్నాడు ఓనరుతో. "ఇది చూసి, విని నేర్చుకునే రకం. కళ్ళు ముందున్నాయి కాబట్టి ముందు నడిచేవాళ్ళ నడక పట్టుకుంటుంది. చెవులు చుట్టూ ఉన్నాయి. దగ్గర్లో ఎవరు ఎక్కువ మాట్లాడితే వాళ్ళ మాటతీరు పట్టుకుంటుంది. నడక బ్రహ్మాండంగా వచ్చింది. మాటే... ఎవరో..."

"ఎవరో నీచుడు!" అన్నాడు ఓనరు. "ఎంత పిసినారి మాటలండీ! వింటుంటే నాకే సిగ్గేసింది. మీరు కూర్చోండి. టీ తాగుతారా? ఎందుకులెండి, ఎండలో వేడి చేస్తుంది."

కంపెనీ మనిషి ఓనరు మొహం చూశాడు. అల్లుడి మొహం చూశాడు. మళ్ళీ ఓనరు మొహం చూసి అల్లుడి వీపు మూసేశాడు.

"నేర్చుకున్నదంతా తుడిచేసి మళ్ళీ మొదలెడతాం సార్. కాకపోతే ఒక షరతు. ఆ మాటలు ఎవరివో వాళ్ళని ఈ హాలు గుమ్మం తొక్కనివ్వకూడదు. లేకపోతే మళ్ళీ అదే అంటుకుంటుంది. ఆ పేరు మా మేడమ్‌కి చెప్తేనే పని మొదలవుతుంది."

"లైన్లోనే ఉన్నాను, చెప్పండి," అంది ఫోన్లో ఒకావిడ.

"గుమ్మం తొక్కనివ్వకపోవడమేంటి, ఉద్యోగంలోంచే పీకేస్తాను," అన్నాడు ఓనరు. "ఒక్క క్షణం ఆగండి మేడమ్. ఇప్పుడే తేల్చేస్తా."

నిజానికి తేల్చడానికి ఏమీ లేదు. యంత్రం దిగిన మొదటి వారం దానికి పని చూపించమని పెద్దక్కకి అప్పగించారు. తన పొట్ట కొట్టడానికి వచ్చినదానికి తనే పని నేర్పాలి. అయినా ఆవిడ ట్రే పట్టుకుని, ఏ బల్ల పక్కన ఎలా ఒదగాలో చూపిస్తూ ముందు నడిచింది. వెనక అల్లుడు దొర్లుకుంటూ వెళ్ళాడు. పెద్దక్క ఎక్కడ తప్పుడు పని నేర్పిస్తుందోనని ఓనరు అల్లుడి వెనకాలే కాపలా తిరిగాడు. తిరుగుతూ నోరు మూసుకుంటే బాగుండేది.

ఆ ఊరేగింపు అందరూ చూశారు. పేరు అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క ఓనరుకే.

విచారణ స్టోర్ రూములో మొదలైంది. ఓనరు పిండి బస్తా మీద కూర్చున్నాడు. వంటమాస్టరు నిలబడ్డాడు.

"చెప్పు. గ్యాసు మంట తగ్గించమని పొద్దున అల్లుడు నిన్నేమన్నాడు?"

"'గ్యాసు ఏమన్నా మీ తాతగారు పంపిస్తున్నారా' అన్నాడండీ."

"ఛీ ఛీ. ఆ మాట ఇంతకుముందు ఎవరి నోటైనా విన్నావా?"

వంటమాస్టరు పప్పుల డబ్బాలకేసి చూశాడు. వారం కిందట సరిగ్గా ఆ మాటే విన్నాడు. అంతకుముందు వారం కూడా విన్నాడు. ఉద్యోగంలో చేరిన రోజున మొట్టమొదట విన్నది కూడా అదే.

"రేడియోలో విన్నట్టు గుర్తండీ."

"రేడియోలోనా?"

"ఏదో నాటకం వచ్చిందండీ. అందులో ఒక ముసలాయన..." ఓనరు కనుబొమలు పైకి లేవడం చూసి వంటమాస్టరు సర్దుకున్నాడు. "ముసలాయన కాదులెండి. కుర్రాడే. అందగాడు."

రెండోవాడు బావమరిది. ఓనరు భార్యకి తమ్ముడు, పేరుకి మేనేజరు. అక్క మొహం చూసి ఓనరు భరిస్తున్న మనిషి.

"బావా, నేను బాగా ఆలోచించాను. అది అచ్చం మీ..."

"ఆఁ? నా?"

"మీ... మీ ఎదురు హోటలువాళ్ళ పనేమో అని, బావా."

"వాళ్ళు మన హాల్లోకి ఎప్పుడొచ్చారురా?"

"రాలేదనుకోండి. రాకుండానే చేసేవాళ్ళతోనే కదా ప్రమాదం!"

ఓనరు కాసేపు ఆలోచించాడు. అదీ నిజమే అనిపించింది. కానీ ఎదురు హోటలువాళ్ళని ఉద్యోగంలోంచి పీకడం కుదరదు. అందుకే పెద్దక్కని పిలిపించాడు.

"నీకు కోపం ఉంది. కారణం ఉంది. వారమంతా దాని పక్కనే ఉన్నావు. ఒప్పేసుకో."

"నేను దానితో ఒక్క మాటా మాట్లాడలేదు సార్."

"అదిగో! ఎందుకు మాట్లాడలేదు?"

"మీరు మాట్లాడుతున్నారు కదా సార్, మధ్యలో ఎందుకని."

స్టోర్ రూము బయట చెవి ఆనించి వింటున్న బావమరిది కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడైనా బోధపడుతుందేమో అనుకున్నాడు.

"నేను నిన్ను జాగ్రత్తగా చెయ్యమని చెప్తున్నాను. అది వేరు," అన్నాడు ఓనరు. "ఇన్ని తిప్పలెందుకు? దాన్నే అడుగుదాం పదండి. మనుషులు అబద్ధం చెప్తారు. యంత్రం చెప్పదు."

అందరూ హాల్లోకి వచ్చారు. లేచి వెళ్ళబోతున్నవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. లావుపాటి పెద్దమనిషి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఓనరు అల్లుడి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పు. ఈ వెధవ మాటలన్నీ నీకు ఎవరివల్ల వచ్చాయి?"

తెరమీది నవ్వు చెక్కుచెదరలేదు. "ఇంకెవరివల్ల? పెద్దక్కవల్లే."

"విన్నారా!" ఓనరు చేతులు చాపి బల్లబల్లకీ చూపించాడు. "నేను చెప్పలేదూ? విన్నారా మేడమ్?"

"పెద్దక్క అంటే ఎవరు? ఇంటి పేరేంటి సార్?" అంది ఫోన్లో ఆవిడ.

పెద్దక్కకి కూతురి మొహం కళ్ళముందు తిరిగింది. రెండు అడుగులు వేసి అల్లుడి ముందు నిలబడింది.

"నిన్న సాయంత్రం కరెంటు ఎవరివల్ల పోయింది?"

"ఇంకెవరివల్ల? పెద్దక్కవల్లే."

"మొన్న వాన ఎవరివల్ల కురిసింది?"

"పెద్దక్కవల్లే. జనం రాలేదు చూడు."

బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"ప్రభుత్వం జీతాలు ఎవరివల్ల పెంచింది?"

"పెద్దక్కవల్లే," అన్నాడు అల్లుడు.

"పెద్దక్కవల్లే," అన్నాడు ఓనరు కూడా. తనకి తెలియకుండానే, అదే క్షణంలో, అదే రాగంలో. ఇద్దరి చూపుడువేళ్ళూ ఒకేసారి లేచి ఆవిడవైపు తిరిగాయి.

చంటిపిల్ల ఒకసారి ఓనరునీ ఒకసారి అల్లుడినీ చూసి చప్పట్లు కొట్టింది. తల్లి దాని చేతులు పట్టేసుకుంది. వంటమాస్టరు టోపీ తీసి నోట్లో కుక్కుకున్నాడు. ఇప్పటికైనా సార్, ఇప్పటికైనా అని కంపెనీ మనిషి మనసులోనే మొక్కుకుంటున్నాడు.

ఓనరు అల్లుడి భుజం తట్టాడు. "చూశారా? యంత్రానికి కూడా అర్థమైపోయింది. నాకెంత నచ్చావురా! నువ్వొక్కడివే ఈ హోటల్లో తెలివిగలవాడివి."

"అందుకే అందరికీ నేనంటే ఏడుపు," అన్నాడు అల్లుడు.

"అక్షరాలా అంతే!" అన్నాడు ఓనరు. కళ్ళు చెమర్చాయి. ఆ తడితోనే పెద్దక్కవైపు తిరిగాడు. "ఇంకేం చూస్తున్నావు? సంచి తీసుకుని బయల్దేరు. రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఒక్కసారి ఆలోచించండి సార్," అంది పెద్దక్క. "బాగా నేర్పితే అది కుదురుకుందని నేను పోవాలి. సరిగ్గా నేర్పలేదంటే చెడగొట్టానని నేను పోవాలి. మరి నేను ఉండాలంటే ఏం చేసుండాల్సింది?"

"అవన్నీ నాకు తెలీదు. తీసేశానంటే తీసేశాను."

"ఖాయమేనా?"

"నా మాటకి తిరుగులేదు."

"సాయంత్రం కబురు పెట్టరు కదా, జనం ఎక్కువగా ఉన్నారు రమ్మని?"

"చచ్చినా పెట్టను! ఇంతమంది సాక్షి."

పెద్దక్క నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పింది. మడతపెట్టి బల్లమీద పెట్టింది. కొన్నేళ్ళుగా దించుకునే తిరిగిన తల పైకెత్తింది. ఓనరు పొట్టివాడని ఆవిడ మొదటిసారి గమనించింది.

"హమ్మయ్య," అంది.

"హమ్మయ్యేంటి?"

"ఇందాకటిదాకా నా నోటికి జీతం అడ్డముండేది సార్. వీళ్ళకింకా ఉంది పాపం, వీళ్ళని అడక్కండి. వంటమాస్టరుకి పిల్లలున్నారు. మీ బావమరిదికి మీరే దిక్కు. ఈ తమ్ముడికి మీతో వ్యాపారం. ఇంతమందికీ తెలిసి ఒక్కరూ చెప్పలేని మాట చెప్పాలంటే, ఉద్యోగం లేని మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్కరినీ ఇప్పుడే మీ చేత్తో మీరే తయారుచేశారు."

ఓనరు నోరు తెరిచాడు. అల్లుడు కూడా ఏదో అనబోయాడు. కంపెనీ మనిషి చటుక్కున వంగి యంత్రం గొంతు తగ్గించేశాడు.

"ఆ ఫోనిటివ్వు తమ్ముడూ," అంది పెద్దక్క.

అతను రెండు చేతులతో అందించాడు. కిటికీ దగ్గర జంట లేచి నిలబడ్డారు. బావమరిది మెల్లగా స్తంభం చాటుకి జరిగాడు.

"మేడమ్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా, చెప్పండి. అల్లుడికి ఆ మాటలన్నీ నేర్పింది ఎవరు? ఈ హాల్లోకి రానివ్వకూడని మనిషి ఎవరు?"

పెద్దక్క ఓనరు కళ్ళలోకి సూటిగా చూసింది. హాలంతటికీ వినపడేలా, బల్ల దగ్గర నిలబడి ఆర్డరు కేకేసే గొంతుతో చెప్పింది.

"మా ఓనరుగారు!"