బయానా ముట్టిన హార్మోనియం

నరసరావుపేట పాత మార్కెట్టు వెనక సాంబశివరావుకి గోనెసంచుల కొట్టుంది. మిరపకాయల రోజుల్లో ఆ కొట్లో నిలబడటానికి చోటుండదు, ఎండలు ముదిరాక నిలబడేవాడుండడు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు కలగలేదు. అలాంటి మనిషికి వేసవి మధ్యాహ్నం ఎంత పొడుగ్గా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

కొట్టు వెనక గదిలో, సంచుల బేళ్ల మధ్య, ఆయన హార్మోనియం ఉండేది. కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే రకం, పద్య నాటకాల వాళ్లు వాడేది. జిల్లాలో ఎక్కడ నాటకం పడినా ఆ హార్మోనియం అక్కడికి పోయేది. పద్యాలు పాడేవాడు మస్తాన్‌రావు, ఆర్టీసీలో కండక్టరు. హార్మోనియం వాయించేవాడు గొంతు వెనకాలే నడవాలి. ముందుకు పోతే పొగరంటారు, మరీ వెనకబడితే చేతకాదంటారు. సాంబశివరావు ఆ గొంతు వెనక తన ఈడంతా నడిచాడు. మస్తాన్‌రావు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో మస్తాన్‌రావు కంటే ఈయనకే బాగా తెలుసు. కిందటేడు ఆ ఊపిరి ఆగిపోయింది. నాటకం పార్టీలో మిగిలినవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఒక్కడివే వాయించుకోరాదూ, పొద్దుపోతుంది అని సలహా ఇచ్చినవాళ్లకి కరువు లేదు. వాళ్లలో ఒక్కడూ హార్మోనియం ముందు కూర్చున్న పాపాన పోలేదు. పాడేవాడు లేకుండా పద్యానికి వాయించటమంటే ఖాళీ పీట ముందు విస్తరేసి వడ్డించటమే. సాంబశివరావు రెండుసార్లు వడ్డించి చూసి మూత పెట్టేశాడు. తర్వాత ఎలకలు గాలి తిత్తి గుడ్డ కొరకటం మొదలుపెట్టాయి. పాడేవాళ్లున్న ఇంటికి పోతే చాలుననుకుని అమ్మకానికి పెట్టాడు.

పెట్టింది నిజానికి ధరణి. పక్క తాళ్లకొట్టు వాళ్లమ్మాయి, బ్యాంకులో ఉద్యోగం, సాంబశివరావుని పెదనాన్నా అంటుంది. ఫోటో తీసి, పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఎక్కించి, ఆ తర్వాత పాఠం మొదలుపెట్టింది. మనకు డబ్బులు రావటానికి మనం పిన్ను నొక్కే పని ఎప్పుడూ ఉండదట. గళ్లగళ్ల కోడ్ పంపి స్కాన్ చెయ్యమన్నవాడు ఇచ్చేవాడు కాదు, లాగేసేవాడట. కొనేవాడు కొట్టుకే వచ్చి, సరుకు చూసుకుని, ఎదురుగా డబ్బు కట్టాలి. వాడి ఫోన్లో చూపించే బొమ్మ కాదు, మన బ్యాంకు మెసేజీ వచ్చాకే సరుకు గడప దాటాలి. ఇంత వయసు వ్యాపారంలో గడిపినవాడికి ఈ పిల్ల చెప్పేదేమిటని సాంబశివరావుకి కొంచెం గుచ్చుకుంది గాని, విన్నదంతా బుర్రలో పెట్టుకున్నాడు.

ఫోన్లు వచ్చాయి. సగానికి ఇస్తావా అని ఒకడు. హార్మోనియం వద్దుగాని ఫోటోలో వెనక కనపడే సంచులెంత అని ఇంకొకడు. పవన్ అని చెప్పుకున్నవాడు మాత్రం ధర ఊసే ఎత్తలేదు. తాను మిలిటరీలో పనిచేస్తున్నాననీ, డ్యూటీ రాజస్థాన్‌లోననీ, పెదకూరపాడులో ఉన్న తండ్రి ఒకప్పుడు నాటకాలాడేవాడనీ, ఆయనకి చెప్పకుండా కొనిపెట్టాలనుకుంటున్నాననీ చెప్పుకొచ్చాడు. స్వరాలు బాగున్నాయో లేదో ఒకసారి వాయించి వినిపించమన్నాడు.

సాంబశివరావు ఫోను ఒక బేలు మీద పెట్టి, మూత తీసి, దుమ్ము తుడిచి, తొక్కాడు. తిత్తి మూలిగింది. శ్రుతి పట్టి ఉంచాడు. అప్పుడు ఫోన్లోంచి ఆ కుర్రాడు, ఇంకొంచెం పైకి పోనివ్వండి సార్ అని, మోహనలో రాగం అందుకున్నాడు.

మస్తాన్‌రావు గొంతంత బరువు లేదు. కాని శ్రుతిలో ఉంది. సాంబశివరావు వేళ్లు ఆయన్ని అడక్కుండానే ఆ గొంతు వెనక బయల్దేరాయి. రాగం అయిపోయేసరికి ఆయన కళ్లు తడిశాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నావు నాయనా అని అడిగితే, మా తాత మాచర్ల వైపు నాటకాలాడేవాడు సార్, వింటా వింటా వచ్చింది అన్నాడు. ఇందాక తండ్రి అన్నవాడు ఇప్పుడు తాత అంటున్నాడు, పెదకూరపాడు కాస్తా మాచర్ల అయింది. సంచుల బేరంలో అయితే సాంబశివరావు ఆ తేడా ఇట్టే పట్టేసేవాడు. ఆ పూట పట్టుకోవాలని అనిపించలేదు.

అకౌంటు సరైనదో కాదో చూసుకుంటానని పవన్ పది రూపాయలు వేశాడు. అవి నిజంగానే పడ్డాయి. పంపినవాడికి అది ఎర. సాంబశివరావుకి అది బయానా. ఆయన తండ్రి నాటి నుంచీ ఆ కొట్లో ఒకటే పద్ధతి, బయానా రూపాయి ముట్టినా సరే సరుకు వాడిదైనట్టే. తర్వాత ఎవడొచ్చి రెట్టింపు ఇస్తానన్నా దాన్ని కదపకూడదు. హార్మోనియం పవన్‌దేననుకుని ఆయన ఆ సాయంత్రం మూత మీద శుభ్రమైన గుడ్డ కప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం పవన్ గళ్లగళ్ల కోడ్ పంపాడు. మిలిటరీ అకౌంటు కాబట్టి పద్ధతి వేరుగా ఉంటుందనీ, దాన్ని స్కాన్ చేసి పిన్ను నొక్కితే డబ్బంతా పడిపోతుందనీ చెప్పాడు.

సాంబశివరావుకి తెలిసిపోయింది. ధరణి చెప్పిన దొంగ అచ్చంగా ఆ మాటలతోనే వచ్చాడు. తెలిసీ ఆయన ఫోను పెట్టెయ్యలేదు. పొద్దుటినుంచీ ఆ ఫోను కోసమే ఎదురుచూశాడు మరి. ఇవాళ సిగ్నలు సరిగా లేదు నాయనా, ఈలోపు నిన్నటి రాగం కాస్త అను, తంతులు సరిచూసుకుంటానన్నాడు. హార్మోనియానికి తంతులెక్కడివి. అబద్ధమాడటం అలవాటు లేనివాడి అబద్ధం అలాగే ఉంటుంది. పవన్ పట్టించుకోలేదు, పాడాడు.

ఇక ప్రతి మధ్యాహ్నం అదే తంతు. అతను కోడ్ పంపటం, ఈయన ఏదో ఒక సాకు చెప్పటం. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాననో, ఫోన్లో చార్జింగు లేదనో. ముసలాయన్ని మంచి చేసుకోవాలి కాబట్టి అతను పాడేవాడు. మొదట రాగం, తర్వాత సగం పద్యం, ఒకరోజు పూర్తి పద్యం. ఊరు అబద్ధం, ఉద్యోగం అబద్ధం, పేరు కూడా అబద్ధమే అయ్యుంటుంది. గొంతు మాత్రం అతనిదే. సాంబశివరావు ఉదయాన్నే గడ్డం గీసుకోవటం మళ్లీ మొదలుపెట్టాడు. దొంగవాడి కోసం ముస్తాబయ్యే పెద్దమనిషిని చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే ఎలీషా వచ్చాడు. ఈపూరు దగ్గర పల్లె, తాపీ పని, వాళ్ల చర్చిలో పాటలు పాడతాడు. యాప్‌లో ఫోటో చూసి బస్సెక్కి వచ్చేశాడు. హార్మోనియం ముందు కూర్చుని, ఒక్కొక్క మెట్టూ నొక్కి చూసి, చర్చిలో పాడే పాట మెల్లగా అందుకున్నాడు. బాగానే పాడి ఉంటాడు. అది పవన్ ఫోను చేసే వేళ. సాంబశివరావు చెవి బేలు మీదున్న ఫోను దగ్గర ఉంది, పాట దగ్గర లేదు.

ఎలీషా బేరమాడలేదు. డబ్బులు ఇప్పుడే వేస్తాననీ, శెట్టిగారి ఫోనుకి బ్యాంకు మెసేజీ వచ్చిందాకా కదలకుండా కూర్చుంటాననీ అన్నాడు. ధరణి చెప్పిన కొనుగోలుదారు కళ్లముందు కూర్చున్నాడన్నమాట.

"ఇంకొకళ్ల దగ్గర బయానా ముట్టిందయ్యా," అన్నాడు సాంబశివరావు.

పద్ధతి ప్రకారం అది నిజమే. నిజాన్ని కూడా సాకుగా వాడుకోవచ్చని ఆయనకి ఆ పూటే తెలిసింది. ఎలీషా హార్మోనియం మూత జాగ్రత్తగా వేసి, ఆ బేరం తప్పిపోతే కబురు చెయ్యమని నంబరిచ్చి, ఎండలో బస్టాండుకి నడిచిపోయాడు.

దొంగలకూ ఓపికకి హద్దుంటుంది. ఒక మధ్యాహ్నం పవన్ పద్యం ఎత్తుకుని, సగంలో ఆపేసి, ఇంక కుదరదు సార్, ఇప్పుడే స్కాన్ చెయ్యండి, లేకపోతే వేరేది చూసుకుంటానన్నాడు. సాంబశివరావు తొక్కటం ఆపలేదు. శ్రుతి అలాగే పట్టి ఉంచాడు.

"నాకు తెలుసులే నాయనా. పిన్ను నేను నొక్కను. ఆ పద్యం సగంలో ఉంది, పూర్తి చెయ్యి," అన్నాడు.



"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు పవన్. ఈసారి సార్ లేదు.

"నువ్వు కోడ్ పంపిన మొదటిరోజే."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడినవ్ నాతో?"

"పాడతన్నావు గదా."

ఫోను తెగిపోయింది. సాంబశివరావు తిత్తిలో గాలి అయిపోయేదాకా మెట్ల మీంచి వేళ్లు తియ్యలేదు. మర్నాడు గడ్డం గీసుకుని, మధ్యాహ్నానికి మూత తీసి కూర్చున్నాడు. ఆ తర్వాతి రోజూ కూర్చున్నాడు. తనే ఫోను చేద్దామని నంబరు దాకా పోయి, పద్యం పూర్తి చెయ్యమని ఒక దొంగని బతిమాలటానికి నోరు రాక ఆగిపోయాడు. ఆయన మీద జాలి పడేవాళ్లు పడొచ్చు. నాకైతే కోపం కూడా వచ్చింది, గుమ్మంలోకి వచ్చి పాడినవాణ్ణి ఎండలో పంపేసినందుకు.

ఆదివారం సెలవని ధరణి కొట్టుకి వచ్చింది. హార్మోనియం ఇంకా పోలేదేంది అంటూ ఆయన ఫోను తీసుకుని చూస్తే, కోడ్‌లు ఒకదాని కింద ఒకటి బారులు తీరి కనపడ్డాయి. ఆ పిల్ల మొహం పాలిపోయింది. గబగబా బ్యాంకు లెక్క తెరిచి చూసింది. పైసా పోలేదు. అప్పుడు బేలు మీద కూలబడి, ఇన్నిసార్లు పంపినా నొక్కలేదంటే ఎంత జాగ్రత్తగా ఉన్నావు పెదనాన్నా, మా బ్యాంకుకి వచ్చేవాళ్లందరికీ నీ గురించే చెప్తాను అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. తర్వాత ఆ కోడ్‌లన్నీ చెరిపేసి, నంబరు బ్లాక్ చేసింది.

"ఇంక వాడు ఎన్నిసార్లు చేసినా నీకు మోగదు. హాయిగా ఉండు," అంది.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు సాంబశివరావు.

ఎవరో ఒకరు తనను అంత ప్రేమగా చూసుకున్నప్పుడు మనిషి ఏమని కాదంటాడు. కొనటానికి ఇంకెవరూ రాలేదా అని అడిగితే ఎలీషా నంబరు చూపించాడు. ధరణే ఫోను చేసింది. సాయంత్రానికి ఎలీషా ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఎదురుగా నిలబడి డబ్బు వేశాడు. సాంబశివరావు ఫోను టింగుమంది. ధరణి మెసేజీ చదివి, బ్యాంకు లెక్క కూడా చూసి, సరేనంది. అప్పుడు హార్మోనియం గడప దాటింది. ఒక్క తప్పు లేదు, ఒక్క అనుమానం లేదు. ఎలీషా ఆయన చేతులు పట్టుకుని, ఒక ఆదివారం మా చర్చికి రండి శెట్టిగారూ, మీరు వాయిద్దురు, నేను పాడతాను అన్నాడు. వస్తాలే అన్నాడు సాంబశివరావు. మర్యాదకి అనే మాటే అది. చీకటి పడకముందే ఆటో మలుపు తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కొట్టు తలుపు దగ్గరగా వేసి, రోడ్డు దాటి, రవి కుమార్ సెల్‌ఫోన్ల షాపుకి వెళ్లాడు. రవి కుమార్ ఎవరికో ఫోను అద్దం అతికిస్తున్నాడు. ఆ పని అయ్యేదాకా సాంబశివరావు నిలబడి, తన ఫోను బల్ల మీద పెట్టి, బ్లాక్ చేసిన నంబరుని మళ్లీ ఎలా తెరుస్తారని అడిగాడు.

రవి కుమార్ నొక్కి చూశాడు. ఆ జాబితాలో ఒకటే నంబరుంది, పేరు లేదు.

"ఇదేనా సార్? తీస్తే మళ్లీ ఫోన్లొస్తయ్. ఎవరాయన?"

"తీసెయ్యి. మా పార్టీలో పాడేవాడు," అన్నాడు సాంబశివరావు.

రవి కుమార్ నొక్కి ఇచ్చాడు, డబ్బులేం వద్దన్నాడు. సాంబశివరావు ఫోను జేబులో పెట్టుకోలేదు. చేత్తో పట్టుకునే, ఆ ఎండలో, ఖాళీ కొట్టుకి నడిచాడు.