నోరు మెదపని మనిషి

ఒప్పందం చివరి ప్రతిని ఆమె వెనక నుంచి ముందుకు చదువుతోంది. ఆఖరి పేజీతో మొదలుపెడితే మనసు అర్థం వెంట పరుగెత్తదని, కళ్ళు అక్షరాల మీదే నిలుస్తాయని ఆమె నమ్మకం. ఒక్కో వాక్యం కింద స్కేలు పెట్టి, పెన్సిలు చెవి వెనక దోపుకుని కూర్చుందంటే పక్కన పిడుగు పడినా లేవదు. జూనియర్లు చాటుగా ఆమెకు కామాగారు అని పేరు పెట్టారు. పోనీలే, ఫుల్‌స్టాప్ అనలేదు కదా అని ఆమే నవ్వుకునేది.

కంపెనీల కొనుగోళ్ళూ అమ్మకాలూ చూసే ఆ లా ఫర్మ్‌లో జుట్టు నెరిసేదాకా పనిచేసినా ఆమె పార్ట్‌నర్ కాలేదు. క్లయింట్లను నవ్వించడం రాదు, బల్ల గుద్ది వాదించడం రాదు. ఉన్నదల్లా ఓపిక, తప్పు పట్టే కన్ను, కట్టేసినట్టుండే నోరు. ఆ ఉదయమే ఇంటర్వ్యూకి వచ్చిన ఒకమ్మాయి ఈ ఉద్యోగానికి కావలసిన గుణాలు గడగడా అప్పజెప్పింది. కష్టపడటం, వ్యాపారం తెలిసుండటం, చక్కగా మాట్లాడటం. ఫర్మ్ పెద్దాయన ఈవిడ వైపు చెయ్యి చూపించాడు.

"మాట్లాడటం మేం నేర్పిస్తాం లేమ్మా. ఈవిడలా మాట్లాడకుండా ఉండటం మాత్రం నేర్పలేం."

ఆమె తల వంచుకుంది. లోపల పొంగిపోయింది.

ఇప్పుడు స్కేలు ఒక నిబంధన దగ్గర ఆగింది. కంపెనీ చేతులు మారగానే నది అవతలి ఫ్యాక్టరీ మూతపడుతుంది. మధ్యాహ్నం సంతకాలు. అంతవరకూ ఈ మాట గది దాటకూడదు. ఆ ఫ్యాక్టరీలోనే ఆమె తమ్ముడు మెషీన్లు బాగుచేస్తాడు. ఈ ఒప్పందం పని మొదలైన రోజే ఆ సంగతి పెద్దాయనకు చెప్పింది. "నీ సంగతి నాకు తెలీదా," అంటూ ఆయన ఫైలు ఆమె చేతిలోనే ఉంచాడు. అప్పటికింకా మూసివేత ఊసే లేదు.

ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందన్నాగా. ఇవాళ ఏదో ఒకటి చెప్పేయాలి. జీతం తక్కువని నీ మరదలు ససేమిరా అంటోంది. ఇక్కడే ఉండిపోనా?"

ఎవరేం అడిగినా, దాచాల్సింది ఏమీ లేకపోయినా, 'ఆ విషయం మాట్లాడలేను' అనడం ఫర్మ్‌లో అలవాటు. ఎప్పుడూ అదే అంటే ఎవరికీ ఏదీ అంతుపట్టదు. లోకమంతటితో అలాగే అనే మనిషి, చంకనేసుకుని పెంచిన తమ్ముడితో మాత్రం ఒక్కసారీ అనలేదు. అది వాడికీ తెలుసు. నీ ఇష్టంరా అనబోయింది. అలా అంటే వాడు ఉండిపోతాడు.

"ఆ విషయం నేను మాట్లాడలేనురా."

అవతల మెషీన్ల చప్పుడు దూరమైంది, తమ్ముడు పక్కకు జరిగినట్టున్నాడు.

"మాట్లాడలేవా?"

"మాట్లాడలేను."

"సరే అక్కా."

నేనేమీ చెప్పలేదు అని తనకు తాను నచ్చజెప్పుకుంది. చెప్పినట్టేనని ఆమెకు తెలుసు. స్కేలు తీసి మళ్ళీ అదే నిబంధన కింద పెట్టింది. కాసేపటికి ఫోను మళ్ళీ మోగింది.

"వస్తానని వాళ్ళకి చెప్పేశా. అక్కడ ఇంకో ఖాళీ ఉందట. నా పక్కన పనిచేసే అతన్నీ రమ్మననా?"

"వద్దు. నువ్వు ఒకరికి చెబితే అతను పదిమందికి చెబుతాడు. నోరెత్తకు. నామీద ఒట్టు."

"అతనికీ పిల్లలున్నారక్కా. నేను నీ తమ్ముణ్ణి కాబట్టి సరిపోయింది."

ఆమె ఫోను పెట్టేసింది. ఒళ్ళంతా సిగ్గు కమ్మింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఈ మాట పొక్కితే క్లయింటు ముందు తల దించుకోవలసింది పెద్దాయన. సంతకాల గది బయటే ఆయన్ను పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు."

"మీకు తెలియకుండా ఆ గదిలో కూర్చోలేను సార్."

"క్లయింటుకి చెప్పక తప్పదు. ఇక నిన్ను..." ఆయన మాట పూర్తి చేయలేకపోయాడు.

"వెళ్తాను సార్," అని ఆమే పూర్తి చేసింది.

క్లయింటు అంతా విని, సంతకాలు వెంటనే కానిచ్చేయమన్నాడు. గదిలో చప్పట్లు మోగుతుంటే ఆమె గేటు దగ్గర గుర్తింపు కార్డు అప్పగించింది. వీధిలోకి దిగాక తమ్ముడి మెసేజ్ చూసింది. 'అతనికి చెప్పలేదక్కా. పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. సెలవులకి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని అడిగాడు.' ఆమె గోడకి చేరగిలబడి, దారినపోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

పైన ఆఫీసులో ఆమె బల్ల కింద, మీటింగులు లేనప్పుడు వేసుకునే రబ్బరు చెప్పులు ఉండిపోయాయి, మడమల దగ్గర అరిగి, కుర్చీ వైపు తిరిగి.