మా ఇంట్లో ట్రాము కదిలిన వారం

మదనపల్లె చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోతే రైతులు మొదట తలుచుకునేది మా ఆయన నూర్ అహ్మద్‌నే. తంబళ్లపల్లె నుంచి కూడా మోటారును బస్సు మీదికెక్కించి మరీ తెస్తారు. ఆయన కాలిన రాగి తీగంతా లాగేసి, కొత్త తీగ చుట్టి పంపిస్తాడు. ఊరంతా మెచ్చుకునే ఆ మనిషిని మెచ్చనిది మా నాన్న అబ్దుల్ జబ్బార్ ఒక్కడే.

నాన్న మద్రాసులో ట్రాములు ఆగిపోయే దాకా ఇరవై ఏళ్లు ట్రాము నడిపినవాడు. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన నాటి నుంచి ఒకటే మాట.

"నీ మోటార్లు ఉండే సోటే తిరుగుతాయి కదప్పా. నావి మనుషుల్ని మోసకపోయేవి."

మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా, మామ నోట ఒక్క మంచిమాట వినాలని ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు. నాన్న మీద ఒళ్లు మండేది.

ఎనభై మూడులో కువైట్ నుంచి తమ్ముడు మా కూతురు సఫియాకు ప్లాస్టిక్ ఇటుకల డబ్బా పంపాడు. ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కుంటాయి. డబ్బా మీది బొమ్మ చూసి సఫియా రెండు రోజుల్లో ఎర్రటి ట్రాము కట్టేసి, ముందువైపు డ్రైవరు బొమ్మను నిలబెట్టింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాది. కదిలితే కదా ట్రాము," అన్నాడు.

అంతే, మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. పాడైన టేపు రికార్డరులోంచి మోటారు పీకి, ట్రాము అడుగున ఇరికించి, నేరుగా ఇరుసుకు బిగించి బ్యాటరీలు కలిపాడు. బోరు నీళ్లు లాగే బలానికి అలవాటుపడిన చెయ్యి కదా! ట్రాము బుర్రుమని పోయి బియ్యం డబ్బాకు గుద్దుకుంది. నట్టింటి నిండా ఇటుకలే.

"ఇదే నిజం ట్రామైతే, లోపల నిలబడుకోనుండే ముసిలామె గతేం గావాల?" అన్నాడు నాన్న. "ట్రాము కదిలినట్టు జనానికి తెలీనే గూడదు."

"నిదానంగా పోయేట్టు చేస్తా మామా."

నాలుగు రోజులు షాపు సగం పొద్దే తెరిచాడు. సోమల నుంచి రెడ్డెప్ప వచ్చి, "ఏమ్మా, నా మోటారు యాల ఇంకా విప్పలేదు?" అని అడిగితే, బొమ్మ పనిలో ఉన్నాడని చెప్పలేక, తీగ రాలేదన్నాను. లోపల మా ఆయన వేగం తగ్గేందుకు బొమ్మ మోటారుకు చిన్న చక్రం, ఇరుసుకు పెద్ద చక్రం పెట్టి, రెంటికీ సన్నటి రబ్బరు బెల్టు తగిలిస్తున్నాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక అందరం చాప చుట్టూ కూర్చున్నాం. మా ఆయన తీగ కలిపాడు. ట్రాము మెల్లగా, ఎంతో మెల్లగా కదిలింది. వెనక్కి!

మోటారు ఎదురు తిరిగితే తీగలు మార్చుకోండని జిల్లా అంతా చెప్పే మనిషి, మామ ముందు తానే తీగలు తప్పు కలిపాడు. ముఖం నల్లబడిపోయింది. మార్చబోతుంటే నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"యాల మారుస్తావు? ట్రాముకు ముందూ యెనకా లేవప్పా. లైను అయిపోతే డ్రైవరు హ్యాండిలు పీక్కోని ఈ కొసకొస్తాడు."

అంటూ డ్రైవరు బొమ్మను తీసి రెండో కొసన నిలబెట్టాడు. ట్రాము చాప పొడవునా పోయింది. నాన్న దాని పక్కనే మోకాళ్ల మీద పాకుతూ పోయాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి! చాప అంచున దాన్ని పట్టుకుని ఆపి, మా ఆయన వైపు తిరిగాడు.

"నూరూ, రేపు నన్ను నీ షాపుకు పిల్సకపో. మోటారు ఎట్ల సుడతావో సూడాల."

ఇన్నేళ్లలో నాన్న ఆ షాపు గడప తొక్కలేదు. మా ఆయన గబగబా తలూపాడు. నేనైతే ఏడ్చేశాను.

మర్నాడు తెల్లారగానే, నేను పెళ్లయినప్పటి నుంచి మొత్తుకున్నా ఊడవని షాపును మా ఆయన తనే ఊడ్చాడు. మామ కూర్చునే బల్ల మీద నా పెళ్లినాటి దుప్పటి పరిచాడు. గ్రీజు మరకలు పడతాయని తెలిసీ దాన్ని పెట్టెలోంచి తీసిచ్చింది నేనే.