బస్వమ్మ మిస్రి

ఝరాసంగంలో బస్వమ్మ మిస్రికి మంచి పేరుండేది. ప్రతి సోమవారం తంబాకు ఆకును పెనం మీద నల్లగా మాడ్చి, నూరి, జల్లెడపట్టి డబ్బీల్లో పోసేది. వాడంతా ఆ పొడితోనే పళ్లు తోముకునేది. తోమాక ఉమ్మేసేవాళ్లు తక్కువ. చిటికెడు దవడలో పెట్టుకుని పనిలో పడేవాళ్లే ఎక్కువ.

ముప్పై ఏళ్ల తోముడుకు బస్వమ్మ చిగుళ్లు చెడ్డాయి. సలిపినప్పుడల్లా ఇంకాస్త మిస్రి పెట్టేది. సలుపు ఆగేది కనక అది మందేనని తేలిపోయింది. తర్వాత బుగ్గ లోపల తెల్లమచ్చ వచ్చింది. "తల నెరిసినంక నోరు నెరవదా?" అని కొట్టిపారేసింది. పంతొమ్మిది వందల ఎనభై మూడు ఎండాకాలంలో కారం తగిలితే నోరు భగ్గుమని, జొన్నరొట్టెను పాలల్లో నానబెట్టుకు తినాల్సి వచ్చింది. అప్పుడు గాని కోడలు భాగీరథిని వెంటబెట్టుకుని జహీరాబాద్ దవాఖానకు బయలుదేరలేదు. కోడలికి ఐదో నెల.

డాక్టర్ మనోరమ పుక్కిలించమంది. నల్లనీళ్లు పడ్డాయి. మళ్లీ పుక్కిలించమంది. మళ్లీ నల్లనీళ్లే. నాలుగోసారికి నోరు కనబడింది.

"ముక్క తీసి హైదరాబాద్ పంపాలె. క్యాన్సరా కాదా అక్కడ చెప్తరు. మిస్రి ఇయ్యాల్టి నుంచే బంద్."

"యాభై దాటినయి డాక్టరమ్మా. ఇగ ఏం బంద్ జేస్త? ఏమైతే గదైతది," అంది బస్వమ్మ, పొరుగింటి గొడ్డు సంగతి మాట్లాడినట్టు.

డాక్టర్ చూపు కోడలి వైపు మళ్లింది. భాగీరథి పెదవులు బిగించింది గాని, నల్లటి పళ్లు అప్పటికే కనబడ్డాయి.

"నువ్వు గూడానా? తల్లి తంబాకు పెడితే కడుపుల బిడ్డ సరిగ పెరగదమ్మా. ఒక్కోసారి దక్కదు గూడ. ఎవరు నేర్పిన్రు?"

"మా తల్లిగారింట్ల," అంది భాగీరథి నేల చూస్తూ.

అది అబద్ధం. రెండో నెలలో వాంతులు ఆగడం లేదని ఆమె దవడలో చిటికెడు పెట్టింది బస్వమ్మే. వాడంతా చెప్పుకుని మురిసింది కూడా. కోడలు తనను కాపాడుతోందని అర్థమై బస్వమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్లలో ఎవరి ముందూ తప్పు ఒప్పుకున్న మనిషి కాదు.

"గదంత అబద్ధం. నేనే పెట్టిన," అంది. "నా నోరు ఎంత కోస్తరో కోయున్రి. పొల్లకు మాత్రం..."

"ఇంక నాలుగు నెలలున్నయి. ఇయ్యాల మానేస్తే బిడ్డకు మంచిది," అంది డాక్టర్. "నువ్వు ఇంట్ల మాడుస్తుంటే ఆమె ఎట్ల మానుతది?"

బయటికొచ్చాక బస్వమ్మ కోడలు బొడ్లో దోపుకున్న డబ్బీ లాగి మురుగు మోరీలో పారేసింది. తర్వాత తన డబ్బీ తీసింది. చేయి చాచింది, వెనక్కి తీసుకుంది. కోడలు చూస్తూనే ఉంది. మూడోసారికి గాని అది చేతిలోంచి జారలేదు.