దవడకూ పుర్రెకూ నడుమ

ఆదివారం పొద్దున అనసూర్య పెరట్లో బండ మీద బొచ్చె చేపను బూడిదతో తోముతోంది. బొగ్గుల పొయ్యి బూడిద అది. మొగుడు రాజం బొగ్గు గనుల కంపెనీ బడిలో సారు కాబట్టి బొగ్గు ఇంటికే వస్తుంది. దాన్ని పగలగొట్టి, రాజేసి, పొగ మింగే పని ఎవరి వంతుకు వస్తుందో వేరే చెప్పక్కరలేదు. లోపలి నుంచి రాజం మళ్లీ అడిగాడు, నిన్నటి నుంచి ఇది నాలుగోసారి.

"ఆ సందు నింపినవా?"

ఇంకా లేదంది. చేప చేతులతో కాగితాలు ముట్టొద్దని చెప్పింది ఆయనే కదా.

సందు సంగతి ఇది. రాజానికి కాలేజీలో లెక్చరర్ కావాలని కోరిక. డిగ్రీ పిల్లలకు తెలుగులో పుస్తకాలు కావాలని అంతా అంటున్న రోజులవి, దాంతో ఆయనా ఒకటి మొదలుపెట్టాడు. స్టర్జన్ అనే చేపకూ, తెడ్డుమూతి చేపకూ తలకాయల్లో పోలికలేమిటి, తేడాలేమిటి అని. ఆ చేపలు గోదావరిలో ఉండవు, ఎక్కడెక్కడి దేశాల నదుల్లోనో ఉంటాయి. ఆయనా చూడలేదు, ఆమె కూడా చూడలేదు. వరంగల్ నుంచి అరువు తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి ఆయన అర్థం చెబితే, ఏడో తరగతి దాకా చదివిన అనసూర్య బొమ్మలు గీసింది. పెళ్లయిన కొత్తలో ఆమె ముగ్గు చూసి "నీ చెయ్యి వణకది" అన్నాడు. పదకొండేళ్ల కాపురంలో ఆమెకు దక్కిన మంచిమాట అదొక్కటే, దాన్ని కూడా చివరికి ఇట్లా పనికి పెట్టాడు మహానుభావుడు.

ముప్పై నాలుగు బొమ్మలు గీసింది. తెడ్డుమూతి చేపకు ఒంట్లో మూడో వంతు ముక్కే, ఆ ముక్కు నిండా చుక్కల్లాంటి చిన్న చిన్న ఎముకలు. అన్నం ఉడికేలోపు కొన్ని, పప్పు ఉడికేలోపు కొన్ని, అన్నీ ఆమే దిద్దింది. స్టర్జన్‌కు ముక్కు కురచ, నోరు తల అడుగున. నోటికి ముందు నాలుగు మీసాలు. వాటితో నేల తడిమి, ఏముందో తెలుసుకుని, ఆ తర్వాతే నోరు కిందికి జార్చి తింటుందట. ఆ మీసాలు గీసేటప్పుడు ఆమె చెయ్యి కాసేపు ఆగింది. చేపకున్న ఆ వీలు ఆమెకు లేదు, వండేటప్పుడు ఉప్పు చూస్తే కూర ఎంగిలవుతుందని అత్త ఐలవ్వ పెట్టిన కట్టడి. రాజం మొదటి ముద్దకే ఉప్పెక్కువైందంటాడు, ఐలవ్వ గిన్నెలో చెంబెడు నీళ్లు పోస్తుంది, అందరూ లేచాక ఆ నీళ్ల కూర అనసూర్య తింటుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఏమీ రాదు. ఆకలి కూడా అలవాటు కొద్దీ వేస్తుంది.

శుక్రవారం హెడ్మాస్టరు ఇంటికొచ్చి బొమ్మలు చూశాడు. అప్పటిదాకా అవి రాజం గీసిన బొమ్మలే. స్టర్జన్ బొమ్మ దగ్గర ఆయన ఆగి, ఇదేంది సారూ, పై దవడకూ పుర్రెకూ నడుమ సందుంది, దవడ గాల్లో వేలాడుతోంది అని నవ్వాడు. రాజం కూడా నవ్వి, "మా ఇంటామె గీసింది సార్, చదువురాని మనిషి" అన్నాడు. చాయ్ తెస్తున్న అనసూర్య గడప దగ్గర విన్నది. తప్పు దొరికిన పూట బొమ్మ ఆమెదైంది. కోపమొస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. చాయ్ ఇచ్చి వచ్చింది.

సోమవారం బస్సుకు కాగితాలు ప్రెస్సుకు పోవాలి. సందు నింపి అచ్చయితే ఎన్ని వందల మంది పిల్లలు ఆ దవడను పుర్రెకు అతికించి చదువుకుంటారో. ఆ ఒక్కటే ఆమెకు మింగుడు పడలేదు.

రాజం పెరట్లోకి వచ్చాడు. "చెప్తుంటె ఇనవడ్తలేదా?"

"మీరే చదివి చెప్పిండ్రు. పై దవడ పుర్రెకు అతకదు, ఎనుక ఎముక పట్టుకోని వేలాడుతది, అందుకే నోరు కిందికి జారుతదని."

"నేనెప్పుడన్న? వాలుగ చేపకు ఉన్నదా గట్ల సందు?"

"వాలుగకు లేదు. దీన్ని చూడుండ్రి." బొచ్చె మూతి పట్టి లాగింది. పై దవడ ముందుకు సాగివచ్చింది, వదిలితే వెనక్కి పోయింది. "ఇది స్టర్జన్ కాదు, నాకెరుకే. కని తలకాయకు అతకని దవడ ఉంటదని కోసేటోళ్లకు తెలుస్తది."

రాజం ఆ మూతిని చూస్తూ నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం చేప తలకాయ ఆయన పళ్లెంలోనే పడింది. తలకాయ మొగోళ్లకు, తోక కోడలికి అని ఐలవ్వ లెక్క. అన్ని తలకాయలు తిన్నా, ఒక్కటంటే ఒక్కటి చేత్తో పట్టి చూసిన పాపాన పోలేదు.

"హెడ్మాస్టర్ ముంగట నా పరువేంగావాలె? నింపు," అని లోపలికి పోయాడు.

కూర దింపి, చేతులు మూడుసార్లు కడుక్కుని, తుడుచుకుని, అనసూర్య బొమ్మ తీసింది. కలమూ, నల్ల సిరా బుడ్డీ తీసింది. మూడూ తెచ్చి భోజనానికి కూర్చున్న రాజం పక్కన పెట్టింది.

"మీరే నింపుకోండ్రి. నేను నింప."

రాజం కలం తీసుకున్నాడు. సన్నటి పాళీ కాగితం మీదికి పోయేసరికి చెయ్యి వణికింది. అంటితే మరకే, మరకపడితే బొమ్మే పోతుంది. ఆమె వంక చూశాడు. ఆమె ఆయన వంక చూడటం లేదు. కలం పక్కన పెట్టి సిరా బుడ్డి మూత బిగించాడు.

ఐలవ్వ గిన్నెలో గరిటె తిప్పింది. "తలకాయేది పిల్లా?"

అనసూర్య అప్పటికే వాళ్లకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తలకాయ ఆమె పళ్లెంలో ఉంది. రాజం ఒక ముద్ద తిని, ఉప్పెక్కువైందన్నాడు. ఐలవ్వ చెంబు అందుకుంది.

అనసూర్య చేప దవడను రెండు వేళ్లతో ఊడదీసి, నోట్లో పెట్టుకుని, నిదానంగా చప్పరించింది.

"నీళ్లు పొయ్యకు అత్తమ్మా," అంది. "ఉప్పు సరిగనే ఉన్నది."