పాలు పోయని గుడ్డు

"గుడ్డులో పాలు పోయకపోతే అట్టముక్కలా వస్తుంది," అని అత్తయ్య నాకు ఈ ఇంట్లో మొదటి వారమే నేర్పింది. నేర్పడమంటే, నా చేతిలోంచి గిన్నె లాక్కుని గ్లాసు వంచి చూపించింది. అప్పట్నుంచి కళ్లు మూసుకుని పోస్తూనే ఉన్నాను. వెన్న వేసి, పాలు పోసి గిలక్కొట్టి, పొంగు తగ్గకముందే ఆయన పళ్లెంలో పెట్టి, పెనానికి అంటుకున్నదేదో గీక్కుని నిలబడి తిని బస్సుకి పరిగెత్తడం నా టిఫిను. అత్తయ్య మాత్రం పొద్దున్నే ఏమీ ముట్టదు. "నాకు ఆకలుండదమ్మాయ్," అంటుంది.

బ్యాంకులో కౌంటర్ ముందు కూర్చునేసరికి కడుపు ఉబ్బిపోయి మెలిపెట్టేది. బాత్రూముకని లేస్తే మేనేజరు క్యూలో వాళ్లందరికీ వినపడేలా "మళ్లీనా మేడమ్?" అనేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మొన్న డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలడిగి, "మీకు పాలు పడవు, అంతే. గుడ్డులోకి చెంచాడు నీళ్లు చాలు," అంది. ఇంటికొచ్చి చెబితే ఆయన ఫోనులోంచి తలెత్తకుండా, "కొత్త జబ్బులు తగిలించుకోకు. ఒక్కొక్కళ్లకీ ఒక్కో వంటంటే ఇదేమన్నా హోటలా?" అన్నారు. హోటల్లో వండేవాళ్లకి వారానికో సెలవైనా ఉంటుందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగడం నాకు బాగా అలవాటు.

ఇవాళ మాత్రం ముందు నాకు వేసుకోవాలనుకున్నాను. ఉన్నది ఒకటే పెనం. దాంట్లో మొదటి ఆమ్లెట్ నాది కావాలంటే దొంగతనానికి వెళ్తున్నట్టనిపించింది. గుడ్లు కొట్టి, ఉప్పు, మిరియాల పొడి, చెంచాడు నీళ్లు వేసి గిలక్కొట్టాను. నూనె కాగాక పోసి మూత పెట్టాను. అట్టలాగే వస్తుంది, కళ్లు మూసుకుని తినేద్దాంలే అనుకుంటూ మూత తీశాను.

పొంగింది. పచ్చగా, మెత్తగా, అంచులు లేచి, అత్తయ్య చేతిలో కూడా ఎన్నడూ పొంగనంతగా. కళ్లప్పగించి చూస్తూ నిలబడిపోయాను. ఆ పొంగు ఇన్నాళ్లూ గుడ్డుదేనన్నమాట. పాలదనుకుని వాటికే దణ్ణం పెడుతూ వచ్చాను.

బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. వేడి గుడ్డు రుచి ఈ ఇంట్లో నేను ఒక్కసారీ ఎరగనని మొదటి ముక్కలోనే తెలిసింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"వాడికి పెట్టకుండానే..." అంటూ వచ్చిన అత్తయ్య నా పళ్లెం చూసి ఆగిపోయింది. "పాలు తక్కువ పోశావా?"

"అసలు పోయలేదత్తయ్యా. నీళ్లే."

వంగి వేలితో నొక్కి చూసింది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. అది మెత్తగా కరుగుతుంటే చిన్నపిల్లలా నా మొహంలోకి చూసింది. కుర్చీ లాక్కుని కూలబడి, "నాకూ పాలు పడవే," అంది. "మా అత్తగారు పోయమంది, పోశాను. కడుపునొప్పి ఓర్చుకోలేక పొద్దుటిపూట తినడమే మానేశాను. ఆకలెందుకుండదమ్మాయ్?"

లేచి మళ్లీ గుడ్లు కొట్టాను, చెంచాడు నీళ్లు పోశాను. పొంగిన ఆమ్లెట్ ఆవిడ ముందు పెట్టాను.

లోపల్నుంచి ఆయన గొంతు వినపడింది. "టిఫినేదీ?"

అలవాటుగా నా కాళ్లు పొయ్యి వైపు తిరిగాయి. అత్తయ్య నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఆగరా," అంది నోట్లో ముక్కతోనే. "మేం తింటున్నాం."